ఫినాస్టరైడ్ వేసుకుంటే మగతనం పోతుందా? పెళ్ళి ముందు అడిగిన ఒకరికి నా జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 27, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు మూడేళ్ళుగా నుదుటి మూలలు వెనక్కి పోతున్నాయి, నడినెత్తి పలచబడింది. స్కిన్ డాక్టరు చూసి రోజుకి ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర, తలకి రాసుకోవడానికి మినాక్సిడిల్ రాశారు. ఇంటర్నెట్‌లో "వారం వాడితే మగతనం పోయింది, ఆపేసినా తిరిగి రాలేదు" అనే కథలు చదివి భయపడి మాత్రలు తీసి బీరువాలో పెట్టేశారు. ఆరు నెలల్లో పెళ్ళి. వేసుకోవాలా, వద్దా? ఏమైనా తేడా చేస్తే ఆపగానే మామూలవుతారా?

నేను విజయవాడలో చర్మవైద్యుడిని. ఈ మాత్రని చాలా ఏళ్ళుగా రాస్తున్నాను, కొందరికి కావాలన్నా రాయకుండా పంపిస్తున్నాను. అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

సూటిగా జవాబు: ఆరోగ్యంగా ఉండి, గతంలో డిప్రెషన్ లేని, లైంగికంగా ఏ ఇబ్బందీ లేని యువకుడు డాక్టరు పర్యవేక్షణలో దీన్ని వాడొచ్చు. సైడ్ ఎఫెక్టులు నిజమే, కానీ తక్కువ మందికే వస్తాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి ఆపాక తగ్గిపోతాయి. అతి కొద్దిమంది ఆపిన తర్వాత కూడా సమస్య మిగిలిపోయిందని చెప్పారు. దాన్ని అబద్ధమని కొట్టిపారేయలేం, ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష కూడా ఏదీ లేదు. అయితే బట్టతల ప్రాణం తీసే జబ్బు కాదు. ఈ మాత్ర వేసుకోక తప్పదు అనే పరిస్థితి ఎవరికీ ఉండదు. ఆ కొద్దిపాటి రిస్కు మీకు ఒప్పుదల కాకపోతే వేసుకోకండి, అందులో తప్పేమీ లేదు. భయపడుతూనే వేసుకోవడం మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ముందు ఈ మందు ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి, సైడ్ ఎఫెక్టులు ఎందుకు వస్తాయో అందులోనే ఉంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యుక్తవయసుకి ముందే వృషణాలు పనిచేయకుండా పోయిన మగవాళ్ళకి బట్టతల రాదని రాశాడు. అంటే వంశపారంపర్యం ఒక్కటే చాలదు, మగ హార్మోను కూడా ఉండాలి. తర్వాత 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే ఊరి కుటుంబాల గురించి ప్రచురించింది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసులో మగవాళ్ళుగా మారేవారు. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోనుగా మార్చే ఎంజైము వాళ్ళలో పుట్టుకతోనే లోపించింది. పెద్దయ్యాక వాళ్ళకి ప్రొస్టేట్ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చిన్నగానే ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ఆ ఎంజైమునే మందుతో అడ్డుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచనతో తయారైందే ఫినాస్టరైడ్. 1992లో ప్రొస్టేట్ వాపుకి 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997 డిసెంబరులో బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ మాత్ర టెస్టోస్టిరాన్‌ని తగ్గించదు. రక్తంలో డీహెచ్‌టీని సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. టెస్టోస్టిరాన్ కొంచెం పెరుగుతుంది కూడా, ఓ 15 శాతం దాకా. గొంతు, కండలు, గడ్డం లాంటివి ఎక్కడికీ పోవు. కానీ డీహెచ్‌టీకి నెత్తిమీద వెంట్రుకలు కుదించే పని ఒక్కటే ఉందనుకోవడమూ పొరపాటే. వీర్యంలో ద్రవం ఎక్కువ భాగం తయారుచేసే ప్రొస్టేట్, దాని పక్క గ్రంథులు డీహెచ్‌టీ మీద ఆధారపడతాయి. అందుకే కొందరికి వీర్యం పరిమాణం తగ్గినట్టు, పలచబడినట్టు అనిపిస్తుంది. టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజెన్ల నిష్పత్తి మారడం వల్ల అరుదుగా రొమ్ము దగ్గర నొప్పి, వాపు వస్తాయి. చనుమొన కింద గడ్డలా తగిలినా, రసి కారినా ఆపేసి డాక్టరుకి చూపించుకోవాలి.

ఇప్పుడు అంకెలకి వద్దాం. అనుమతి కోసం చేసిన ట్రయల్స్‌లో 945 మంది ఫినాస్టరైడ్, 934 మంది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నారు. కోరిక తగ్గిందన్నవాళ్ళు మందు వైపు 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 1.3 శాతం. అంగస్తంభన ఇబ్బంది 1.3 శాతానికి 0.7 శాతం. స్కలనంలో తేడా 1.2 శాతానికి 0.7 శాతం. ఇలాంటిది ఏదో ఒకటి వచ్చినవాళ్ళు మొత్తంగా 3.8 శాతం, 2.1 శాతం. మందు ఆపినవాళ్ళందరికీ, కొనసాగించినవాళ్ళలో ఎక్కువ మందికీ ఆ లక్షణాలు తగ్గిపోయాయని ఆ ట్రయల్స్ రిపోర్టు చేశాయి.

ఈ అంకెల్ని వేదంలా తీసుకోకండి. ట్రయల్స్ చేయించింది మందు తయారుచేసిన కంపెనీయే. అందులో చేరినవాళ్ళు 18 నుంచి 41 ఏళ్ళ మధ్య ఆరోగ్యవంతులు. బీపీ, షుగరు, టెన్షన్ మందులు, రోజూ మందు కొట్టే అలవాటు ఉన్న మన క్లినిక్ జనం కాదు. నా ప్రాక్టీసులో ఇబ్బంది చెప్పుకునేవాళ్ళు ఆ అంకెల కంటే కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. అయితే అందులో మందు వాటా ఎంత, భయం వాటా ఎంత అనేది విడదీయడం కష్టం.

భయం వాటా అని ఊరికే అనలేదు. 2007లో ఇటలీలో ఒక పరిశోధన వచ్చింది. ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్ళకి 5 మిల్లీగ్రాముల ఫినాస్టరైడ్ ఇచ్చారు. సగం మందికి లైంగిక ఇబ్బందులు రావచ్చని చెప్పారు, మిగతా సగానికి చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే చెప్పినవాళ్ళలో 43.6 శాతం, చెప్పనివాళ్ళలో 15.3 శాతం ఇబ్బంది వచ్చిందన్నారు. ఒకటే మందు, ఒకటే డోసు. అంగస్తంభన అనేది మనసు మీద అంతగా ఆధారపడ్డ వ్యవహారం. "ఇవాళ పనిచేస్తుందా లేదా" అని పరీక్ష పెట్టుకుంటూ కూర్చుంటే ఏ మాత్రా లేకపోయినా పనిచేయదు. రైల్వే స్టేషన్ గోడల మీద "నరాల బలహీనత" పోస్టర్లు చదివి పెరిగిన మనవాళ్ళకి ఈ భయం ఇంకాస్త ఎక్కువ. వేసుకుంటే నమ్మకంతో వేసుకోండి, లేదా మానేయండి అని నేను చెప్పేది ఇందుకే.

కానీ ఇదే పరిశోధన చూపించి "అంతా నీ భ్రమ, ఏమీ కాదు" అని పేషెంటుని పంపేసే డాక్టర్లతో నాకు పేచీ ఉంది. చెప్పనివాళ్ళలో కూడా 15 శాతం మందికి తేడా వచ్చింది కదా. వాళ్ళకి ఎవరూ భయం నేర్పలేదు.

ఇక మీరు అసలు అడిగింది, ఆపాక కూడా పోని సమస్య. దీన్ని పోస్ట్ ఫినాస్టరైడ్ సిండ్రోమ్ అంటున్నారు. కోరిక లేకపోవడం, జననాంగం మొద్దుబారినట్టు ఉండటం, భావప్రాప్తిలో తేడా, నిద్ర పట్టకపోవడం, దిగులు, తల మందగించినట్టు ఉండటం, ఇవన్నీ మందు ఆపిన నెలల తర్వాత కూడా ఉన్నాయని చెప్పినవాళ్ళు ఉన్నారు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆపిన తర్వాత కూడా కొనసాగిన లైంగిక సమస్యల రిపోర్టుల గురించి మందు లేబుల్‌లో రాయించింది. అంతకు ఏడాది ముందు డిప్రెషన్ చేర్పించింది. 2022లో ఆత్మహత్య ఆలోచనల ప్రస్తావన కూడా వచ్చింది. బ్రిటన్‌లో 2024లో మందు ప్యాకెట్‌తో పాటు పేషెంటుకి ఒక హెచ్చరిక కార్డు ఇవ్వాలని నిర్ణయించారు. 2025 మేలో యూరప్ మందుల నియంత్రణ సంస్థ కమిటీ, ఆత్మహత్య ఆలోచనలు ఫినాస్టరైడ్ మాత్రల సైడ్ ఎఫెక్టేనని నిర్ధారించింది. ఎంత మందికి వస్తుందో అందుబాటులో ఉన్న సమాచారంతో లెక్కకట్టలేమని కూడా చెప్పింది. అదే కమిటీ, మందు వల్ల జరిగే మేలు రిస్కు కంటే ఎక్కువేనని చెప్పి మార్కెట్లో కొనసాగనిచ్చింది. ఈ రెండు వాక్యాలూ కలిపే చదవాలి. ఇంటర్నెట్‌లో ఒక వర్గం మొదటి వాక్యాన్నే, జుట్టు క్లినిక్‌ల వర్గం రెండో వాక్యాన్నే షేర్ చేస్తుంది.

ఇలా ఆపినా పోలేదన్న మనిషిని నేను చూశానా అంటే, చూశాను. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ముప్పై దాటిన ఇంజినీరు. వేరేచోట రాసిన మాత్ర కొన్ని నెలలు వాడి ఆపేశాడు. ఆపి ఏడాదైనా కోరిక తిరిగి రాలేదన్నాడు. టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగరు అన్నీ చేయించాం, అన్నీ మామూలే. మాత్ర మొదలుపెట్టకముందు ఎలా ఉండేదో ఎవరూ అడగలేదు, ఎక్కడా రాసి లేదు. ఉద్యోగం పోయిన దిగులు కూడా అదే ఏడాది ఉంది. ఇది మందు వల్ల కాదని నేను అనలేకపోయాను, మందు వల్లే అనీ అనలేకపోయాను. యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఇద్దరూ చూశాక కొంత మెరుగుపడ్డాడు, పూర్తిగా కాదు.

మనసు సంగతి ఇంకొంచెం వివరంగా రాయాలి, లైంగిక సమస్యల గోలలో ఇది వెనకబడిపోతోంది. డీహెచ్‌టీని తయారుచేసే ఎంజైము కుటుంబమే మెదడులో ఆందోళనని అదుపు చేసే కొన్ని స్టిరాయిడ్లని కూడా తయారుచేస్తుంది, అల్లోప్రెగ్నెనలోన్ లాంటివి. అందువల్ల మందుకి మూడ్‌కి సంబంధం ఉండొచ్చన్న అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. ప్రపంచవ్యాప్తంగా వచ్చిన రిపోర్టుల్ని విశ్లేషిస్తే, ఆత్మహత్య ఆలోచనల సిగ్నల్ జుట్టు కోసం వాడే 45 ఏళ్ళలోపు వాళ్ళలోనే కనిపించింది, ప్రొస్టేట్ కోసం వాడే పెద్దవాళ్ళలో కనిపించలేదు. మీడియాలో వార్తలు వచ్చాక రిపోర్టులు ఎక్కువయ్యాయన్న సందేహం ఉంది. చిన్న వయసులో బట్టతలే దిగులుకి కారణం కావచ్చన్నదీ నిజమే. అయినా నేను ఇక్కడ జాగ్రత్త వైపే ఉంటాను.

ఒక ఉదాహరణ చెబుతాను. హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడు వచ్చాడు. జుట్టు గురించి మాట్లాడుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. టోపీ తీయకుండానే కూర్చున్నాడు, స్నేహితుల్ని కలవడం మానేశాడు, నిద్ర లేదు. అతని నెత్తి చూస్తే మొదటి దశ బట్టతల, పక్కనుంచి చూస్తే తెలియదు కూడా. అలాంటి మనిషికి ఫినాస్టరైడ్ రాయడం నా దృష్టిలో పొరపాటు. ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, తలకి మినాక్సిడిల్ మాత్రం ఇచ్చాను. "జుట్టు డాక్టరు పిచ్చి డాక్టరు దగ్గరికి పంపాడు" అని వాళ్ళ నాన్నగారు నా మీద గట్టిగానే కోప్పడ్డారు. ఏడాది తర్వాత ఆ అబ్బాయి వచ్చాడు, జుట్టు పెద్దగా మారలేదు, మనిషి మారాడు. ఇప్పటికీ అతనికి ఆ మాత్ర రాయలేదు.

అందుకని ఈ మాత్ర నేను రాయనిది వీళ్ళకి: డిప్రెషన్, తీవ్ర ఆందోళన ఇప్పుడు ఉన్నవాళ్ళు లేదా గతంలో చికిత్స తీసుకున్నవాళ్ళు. అంగస్తంభన సమస్య ఇప్పటికే ఉన్నవాళ్ళు. సంతానం కోసం ఇప్పుడే ప్రయత్నిస్తూ రిపోర్టులు బాగాలేనివాళ్ళు. పద్దెనిమిది నిండనివాళ్ళు. చివరిగా, సైడ్ ఎఫెక్టుల గురించి రోజూ గంటలు గంటలు చదివేవాళ్ళు. ఇది వెటకారం కాదు, వాళ్ళకి ఈ మందు సుఖాన్నివ్వదు.

అసలు మీది మగవాళ్ళ బట్టతలే అని ఖాయం చేసుకోవడం కూడా ముఖ్యం. మీరు చెప్పిన తీరు, నుదుటి మూలలు, నడినెత్తి, మెల్లగా రెండు మూడేళ్ళలో జరగడం, దానికి సరిపోతుంది. కానీ డెంగ్యూ, టైఫాయిడ్, కోవిడ్ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి దువ్వెన నిండా ఊడటం వేరు. తిండి మానేసి పది కిలోలు తగ్గినవాళ్ళలో ఊడటం వేరు. అవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి, వాటికి ఫినాస్టరైడ్ అవసరం లేదు. జ్వరం తర్వాత ఊడుతున్న జుట్టుకి ఎవరో స్నేహితుడు ఇచ్చిన ఫినాస్టరైడ్ వేసుకుని, లేని సైడ్ ఎఫెక్టుల గురించి బెంగపడుతూ వచ్చినవాళ్ళని ప్రతి వర్షాకాలం తర్వాతా చూస్తుంటాను. బోరు నీళ్ళ వల్ల నుదుటి మూలలు వెనక్కి పోవు, ఆ మాట కూడా చాలామంది అడుగుతారు.

మొదలుపెట్టే ముందు నేను చేయించే పని చాలా సాదాది. ప్రస్తుతం కోరిక ఎలా ఉంది, పొద్దున లేచేసరికి సహజంగా వచ్చే అంగస్తంభన వారంలో ఎన్నిసార్లు, నిద్ర, మూడ్, సిగరెట్, తాగుడు, వేసుకునే ఇతర మాత్రలు, ఇవన్నీ తేదీ వేసి రాయిస్తాను. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి టెన్షన్ మాత్రలు వాటంతట అవే కోరికని తగ్గిస్తాయి, నింద ఫినాస్టరైడ్ మీద పడుతుంది. మూడు నెలలకి మళ్ళీ అవే ప్రశ్నలు. పొద్దుటి అంగస్తంభన మామూలుగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది అయితే అది ఎక్కువగా ఆందోళన వల్లే. పొద్దుటిది కూడా తగ్గితే మాత్ర ఆపిస్తాను, వాదించను. ఆపాక డీహెచ్‌టీ సుమారు రెండు వారాల్లో పాత స్థాయికి వస్తుంది. లక్షణాలు తగ్గడానికి కొందరికి రోజులు, కొందరికి వారాలు, ఎప్పుడైనా నెలలు పడుతుంది. మూడ్ పడిపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు మాత్ర ఆపి ఫోన్ చేయాలి. ఈ మాట ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచమంటాను. దిగులులో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ చేయడు.

పెళ్ళి, పిల్లల సంగతి. ఎక్కువమందికి 1 మిల్లీగ్రాము డోసు వల్ల సంతానానికి అడ్డు రాదు. కానీ అప్పటికే వీర్యకణాలు అంతంతమాత్రంగా ఉన్న కొందరికి ఈ మాత్ర వాటిని ఇంకా తగ్గిస్తుంది, ఆపాక కొన్ని నెలల్లో పెరుగుతాయి. పిల్లల కోసం ఫెర్టిలిటీ సెంటరు చుట్టూ తిరిగిన ఒక జంట నాకు గుర్తు. ఆయన నా దగ్గరికి చుండ్రుకని వచ్చాడు. ఏమేం మాత్రలు వాడుతున్నారని అడిగితే అప్పుడు బయటపడింది జుట్టు మాత్ర. అక్కడ ఎందుకు చెప్పలేదంటే "అది మందు కాదు కదా డాక్టర్, జుట్టుకి" అన్నాడు. ఆపించి, వాళ్ళ డాక్టరుకి చీటీ రాసి పంపాను. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే మూడు నెలల ముందు నుంచే ఆపడం నా పద్ధతి, వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు అంత సమయం పడుతుంది కాబట్టి.

మీ భార్య గర్భవతి అయ్యాక విరిగిన, పొడి అయిన ఫినాస్టరైడ్ మాత్రని ఆమె ముట్టుకోకూడదు. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే జననాంగాలు సరిగా ఏర్పడకపోయే ప్రమాదం ఉంది. పైపూత ఉన్న మొత్తం మాత్ర తగిలితే భయం లేదు. వీర్యంలో చేరే మందు అతి స్వల్పం. రక్తదానం చేసే అలవాటు ఉంటే మాత్ర ఆపిన నెల దాకా ఇవ్వకండి, ఆ రక్తం ఎవరికి ఎక్కుతుందో తెలియదు. ఇదే రకానికి చెందిన డ్యుటాస్టరైడ్ అనే మందు అయితే ఆరు నెలలు.

డ్యుటాస్టరైడ్ గురించి అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అని. నిజమే, డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. దక్షిణ కొరియా, జపాన్ లాంటి దేశాల్లో బట్టతలకి అనుమతి కూడా ఉంది. కానీ ఒంట్లోంచి అందులో సగం పోవడానికే సుమారు ఐదు వారాలు పడుతుంది. తేడా వస్తే ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది. పెళ్ళికి ముందున్న కుర్రాడికి మొదటి మందుగా దాన్ని నేను రాయను.

"సగం మాత్ర వేసుకుంటే సగం సైడ్ ఎఫెక్టులే కదా" అనే లెక్క కూడా కుదరదు. 0.2 మిల్లీగ్రాముల డోసు కూడా రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 1 మిల్లీగ్రాము తగ్గించినంతా తగ్గిస్తుంది. మందు ఎంజైముకి గట్టిగా అంటుకుని చాలా రోజులు వదలదు. రోజు విడిచి రోజు వేసుకున్నా దాదాపు ఇదే ఫలితం. కొందరికి అలా రాస్తాను, కాని అది మనశ్శాంతి కోసం ఎక్కువ.

తలకి రాసుకునే ఫినాస్టరైడ్ ఇప్పుడు మన మెడికల్ షాపుల్లో మినాక్సిడిల్‌తో కలిపి దొరుకుతోంది. ఒంట్లోకి చేరేది తక్కువే, కానీ సున్నా కాదు. స్ప్రే రూపంలో చేసిన ఒక పెద్ద ట్రయల్‌లో రక్తంలో డీహెచ్‌టీ సుమారు 35 శాతం తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్ళలో సుమారు 55 శాతం. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఆన్‌లైన్‌లో ఫారం నింపితే ఇంటికొచ్చే సీసాల గురించి అడుగుతుంటారు. ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్మే ఈ రకం మీద 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, 2019 నుంచి 2024 మధ్య 32 కేసులు రిపోర్టు అయ్యాయని. "పైపూతే కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అని అమ్మకాల కుర్రాడు చెబితే నమ్మకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ సీసా ఆమె చేతికి, తడి తల ఆమె దిండుకి తగలకూడదు.

మినాక్సిడిల్ త్వరగా చెప్పేస్తాను. ఇది మొదట బీపీ మాత్ర, వేసుకున్నవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు రావడం చూసి నెత్తికి మళ్ళించారు. మగతనంతో దీనికి సంబంధం లేదు. మొదటి రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడొచ్చు. పాత వెంట్రుకలు రాలి కొత్తవి మొదలయ్యే దశ అది, అప్పుడే చాలామంది భయపడి ఆపేస్తారు. దురద, పొట్టు వస్తే అది తరచుగా ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల, ఫోమ్‌కి మారితే సరిపోతుంది. గుండెదడ, తల తిరగడం ఉంటే ఆపండి. పసిపిల్లలు ఉన్న ఇంట్లో జాగ్రత్త. తండ్రి తలకి రాసుకున్న మినాక్సిడిల్ తగిలి పసివాళ్ళ ఒంటిమీద వెంట్రుకలు పెరిగిన కేసులు యూరప్‌లో నమోదయ్యాయి. పిల్లిని పెంచుతుంటే ఇంకా జాగ్రత్త, నాకితే దాని ప్రాణానికే ముప్పు. తక్కువ డోసు మినాక్సిడిల్ మాత్రలు ఈ మధ్య బాగా రాస్తున్నారు. 1404 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో ఒళ్ళంతా వెంట్రుకలు 15 శాతం మందికి, కాళ్ళవాపు లాంటివి 1.3 శాతం మందికి వచ్చాయి. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు ఫిజీషియన్ చూడకుండా ఆ మాత్ర ముట్టుకోకూడదు.

నాకు ఈ మందుల కంటే ఎక్కువ చిరాకు తెప్పించేవి పేరు లేని డబ్బాలు. "హెయిర్ కిట్" అని ఇస్తారు, లోపల లేబుల్ లేని క్యాప్సూళ్ళు. విటమిన్ అంటారు. ఏముందో తెలియకుండా ఫినాస్టరైడ్ తింటున్నవాడికి సైడ్ ఎఫెక్టు వస్తే దేన్ని ఆపాలో ఎలా తెలుస్తుంది? పేరు, డోసు, తయారీదారు రాసిలేని ఏ గోళీ అయినా చెత్తబుట్టలో వేయండి. సా పాల్‌మెట్టో అని రాసి ఉంటే అది కూడా బలహీనంగా ఈ ఎంజైము మీదే పనిచేస్తుందని గుర్తుంచుకోండి, "మూలిక" కాబట్టి ఏమీ కాదనుకోకండి. బయోటిన్ గమ్మీలు ఎక్కువ డోసులో తింటే థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షలు తప్పుగా రావచ్చు. ల్యాబులో ముందే చెప్పండి.

మీ నాన్నగారి వయసువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క ముక్క: ఫినాస్టరైడ్ వాడేవాళ్ళలో, ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష విలువ దాదాపు సగానికి పడిపోతుంది. యూరాలజిస్టుకి చెప్పకపోతే ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానించాల్సిన అంకె మామూలుగా కనిపిస్తుంది.

ఇక మీ పెళ్ళి. ఆరు నెలల్లో పెళ్ళి ఫొటోలకి జుట్టు వచ్చేయాలని అయితే ఆశపడకండి. ఈ మాత్ర పనిచేస్తుందో లేదో తెలియడానికే ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది, అదీ ఎక్కువగా ఉన్నది నిలబెడుతుంది. ఆపేస్తే ఏడాదిలోపు వచ్చిన లాభం పోతుంది. అందుకని రెండు దారులు. మొదలుపెట్టాలనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, పెళ్ళి నాటికి ఈ మందు మీ ఒంటికి ఎలా పడిందో మీకు తెలిసి ఉంటుంది. లేదా పెళ్ళయి ఇద్దరూ కుదురుకున్నాక మొదలుపెట్టండి. పెళ్ళికి నెల ముందు మాత్రం వద్దు. కొత్త పెళ్ళికొడుకుల్లో చాలామందికి మొదటి రాత్రుల్లో టెన్షన్ వల్ల ఇబ్బంది అవుతుంది, ఏ మాత్రా వేసుకోకపోయినా. మీరైతే మాత్రనే తిట్టుకుంటారు, భయం ఇంకా పెరుగుతుంది. అంతలోగా మినాక్సిడిల్ ఒక్కటే వాడుకోవచ్చు. కాబోయే ఆమెకి మాత్ర సంగతి చెప్పడం మంచిది, పిల్లల ప్లాను ఆమెది కూడా కదా.

మీ ప్రశ్నలో రెండు విషయాలు లేవు. గతంలో దిగులుకి, ఆందోళనకి ఎప్పుడైనా మందులు వాడారా? పెళ్ళవగానే పిల్లలు కావాలనుకుంటున్నారా, కొన్నాళ్ళు ఆగుతారా? మాత్ర రాసిన డాక్టరుకి ఈ రెండూ చెప్పారో లేదో కూడా రాయండి. చెప్పకపోతే బీరువా తెరిచే ముందు ఆయనకి ఫోన్ చేయండి.